పాత స్పోర్ట్సు కారు ఇంజను వేడెక్కుట: దాని నిదానము



మనుష్యునకు జ్వరము తగిలినపుడు అనుభవశాలియగు వైద్యుడు వెంటనే మందు నూరడు. జ్వరము ఎప్పుడు వచ్చుచున్నది, ఉదయమా, సాయంకాలమా, చలితో వచ్చుచున్నదా, చెమటతో విడుచుచున్నదా అని ముందుగా అడుగును. ఏలనన, జ్వరము లోపలనున్న రోగమునకు చిహ్నము మాత్రమే. మోటారు ఇంజను మితిమీరి వేడెక్కుటయు ఇట్టిదే. వేడి యొక్కటియే కాని దానికి కారణములు పదునైదో ఇరువదియో ఉండవచ్చును. ఏది కారణమో తేల్చక చికిత్సకు దిగినచో ధనము వ్యర్థమగును, ఇంజనుకు హాని కలుగును. కావున నేటి ప్రసంగమున, వయసు మీరిన స్పోర్ట్సు కారు ఒకదానిని ఉదాహరణముగా గైకొని, ఈ వేడికి నిదానము ఎట్లు చేయవలెనో మనవి చేసెదను.

ఆ కారు పేరు ఎం.జి.బి. ఇంగ్లండులో ఆక్సుఫర్డు నగరమునకు చేరువనున్న ఆబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు దానిని నిర్మించిరి. సాధారణముగా ఇద్దరు కూర్చుండుటకు తగినట్టిది. నేలకు దగ్గరగానుండి, పొడుగైన ముందు భాగము గలిగి, చురుకుగా పరుగెత్తునట్టిది. ఐదు లక్షలకు పైగా కార్లు తయారైనవి. వానిలో పెక్కు అమెరికాకు పోయినవి. నేటికిని ఆ దేశములలో వేలకొలది యజమానులు వీనిని ప్రేమతో కాపాడుకొనుచున్నారు.

ఇది మనకు దూరపు వస్తువని తోచవచ్చును గాని, మనకును దీనితో ఒక చుట్టరికము కలదు. మన ఊళ్లలో చిరకాలము తిరిగిన అంబాసిడరు కారు మీ రందరెరిగినదే. 2014లో దాని నిర్మాణము నిలిచిపోయినది. అందు పెక్కేండ్లు వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, ఎం.జి.బి. లోని 1798 ఘన సెంటీమీటర్ల ఇంజనును ఒకే వంశమునకు చెందినవి. బ్రిటిషు మోటారు కార్పొరేషనువారు ఆ వంశమునకు ‘బి’ వరుస యని పేరిడిరి. అంబాసిడరు బానెట్టు ఎత్తి, పొగలు గ్రక్కుచున్న రేడియేటరువంక చూచుచు రోడ్డుప్రక్కన నిలిచిన అనుభవము మీలో కొందరికైన ఉండకపోదు. అప్పుడు కలిగిన సందేహములే నేటి విషయము.

మొదట వేడి ఎక్కడనుండి పుట్టుచున్నదో చూతము. ఇంజనులో పెట్రోలు మండి పుట్టించు వేడిలో ఇంచుమించు నాల్గవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడును. మిగిలినదానిలో కొంత పొగగొట్టము వెంట వెలికి పోవును. కొంత ఇనుప గోడలలోనికి ఎక్కును. ఆ గోడల వేడిని ఎప్పటికప్పుడు తొలగింపనిచో ఇనుము వ్యాకోచించి, నూనె పలుచబడి, పిస్టన్లు పట్టుకొనిపోవును. పూర్వము బావులపై నడచిన ఆయిలు ఇంజన్లలో కొన్నింటికి పైన నీటితొట్టి యుండెడిది. అందలి నీరు మరగి ఆవిరియై పోవుచు ఇంజనును చల్లబరచెడిది. తగ్గిన నీటిని కూలివాడు బిందెతో పోయుచుండెడివాడు. కారులో అట్లు కుదరదు. ఎం.జి.బి.లో సుమారు ఐదున్నర లీటర్ల నీరు మాత్రమే కలదు. ఆ కొంచెము నీరే నిరంతరము తిరుగుచుండవలెను.

ఇంజను ముందు భాగముననున్న పంపు నీటిని ఇనుప బ్లాకులోనికి నెట్టును. ఆ నీరు సిలిండర్ల చుట్టును తిరిగి, పైనున్న హెడ్డులోనికి ఎక్కి, థర్మోస్టాటు అను ద్వారమును దాటి, రబ్బరు గొట్టము గుండా రేడియేటరు పైభాగమునకు పోవును. అచట సన్నని గొట్టములగుండా క్రిందికి దిగుచు, ఎదురుగా వచ్చు గాలికి చల్లబడి, క్రింది గొట్టము ద్వారా మరల పంపును చేరును. కావున ఈ వ్యవహారమున మూడు వస్తువులు కలవు: నిప్పు, నీరు, గాలి. నిప్పు తగినదానికంటె ఎక్కువ వేడి పుట్టించినను, నీరు వేడిని మోయలేకపోయినను, గాలి నీటినుండి వేడిని తీసికొనలేకపోయినను ఇంజను కాగును. ఈ మూటిలో తప్పు ఎవరిదో తేల్చుటయే నిదానము.

ఇచట ముఖ్యముగా గుర్తుంచుకొనదగిన మాట యొకటి కలదు. ఈ కార్లు చలిదేశమున పుట్టినవి గనుక వేడెక్కుట వాని స్వభావమని చాలమంది అందురు. అది సరికాదు. కాలిఫోర్నియా వంటి ఎండ ప్రదేశములలోను ఇవి కొత్తవిగా అమ్ముడుపోయి చక్కగా తిరిగినవి. కొత్తదిగానున్నపుడు వేడెక్కని ఇంజను నేడు వేడెక్కుచున్నదనగా, ఈ నలుబది ఏబది యేండ్లలో దానిలో ఏదో మారినదని అర్థము. ఏమి మారినదో వెదకక పెద్ద రేడియేటరు కొని తగిలించుట, పంటకాలువ పూడిపోగా పూడిక తీయుట మాని చెరువుకట్ట ఎత్తు పెంచుట వంటిది.

ఇక ఎంత వేడి సహజము, ఎంత వేడి అపాయము? థర్మోస్టాటు సాధారణముగా 82 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద తెరచుకొనును. కావున నీరు 80, 90 డిగ్రీల నడుమ నుండుట ఆరోగ్యమే. తెరచిన పాత్రలో నీరు 100 డిగ్రీలకు మరగునని మీరెరుగుదురు. రేడియేటరుకు మాత్రము ఒత్తిడిని ఆపు మూత యుండును. ప్రెషరు కుక్కరులో వలెనే ఒత్తిడి పెరిగిన కొలది నీరు మరింత వేడికి గాని మరగదు. తొలి ఎం.జి.బి.లకు చదరపు అంగుళమునకు 7 పౌనుల మూత నమర్చిరి. అందు నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరగదు. తరువాతి కార్లలో 10 పౌనులది, అంతకు మించినది కలదు. 10 పౌనులకు ఆ హద్దు 115 ప్రాంతమునకు పోవును. మూతలోని రబ్బరు ఎండిపోయి, స్ప్రింగు సడలినచో ఈ ఒత్తిడి నిలువక నీరు ముందుగనే మరగి పొర్లిపోవును. కొద్దిపాటి వెలగల ఆ మూతను మార్చుటతోనే కుదుటపడిన ఇంజన్లు పెక్కు కలవు.

ఈ మూతను గురించి ఒక హెచ్చరిక. ఇంజను కాగియున్నపుడు దీనిని ఎన్నడును తీయరాదు. లోపల 100 డిగ్రీలు దాటిన నీరు ఒత్తిడివలన మాత్రమే అణగియున్నది. మూత వదులైన క్షణముననే అది ఆవిరియై ఎగసి ముఖమును, చేతులను బొబ్బలెక్కించును; కన్నులు పోవు ప్రమాదము సైతము కలదు. ఇంజను ఆపి అరగంటకు తక్కువ కాకుండ ఆగవలెను. పై గొట్టము చేతికి చల్లగాను, నొక్కిన మెత్తగాను తోచిన పిదప, మందపు గుడ్డ కప్పి, మొగము ప్రక్కకు త్రిప్పుకొని, మూతను మొదటి మెట్టువరకు మాత్రమే త్రిప్పి, ఆవిరి పోయిన తరువాత పూర్తిగా తీయవలెను. తొందరపడు పిల్లలకు పెద్దలు ఈ మాట చెప్పియుంచుట మేలు.

నిదానమున మొదటి ప్రశ్న: నిజముగా ఇంజను కాగినదా, లేక ముల్లు అబద్ధమాడుచున్నదా? పాత కార్లలో వేడిని చూపు సాధనము సైతము పాతదే. విద్యుత్తుతో పనిచేయు ముల్లుగల కార్లలో, పెట్రోలు మట్టమును చూపు ముల్లునకును వేడిని చూపు ముల్లునకును ఒకే చిన్న సాధనము నియమిత విద్యుత్తును పంపును. అది చెడినచో రెండు ముండ్లును ఒక్కసారిగా పైకెక్కును. కావున వేడి ముల్లు ఎక్కినపుడు పెట్రోలు ముల్లును గూడ చూడవలెను. ట్యాంకులో సగమే యుండగా నిండినట్లు చూపుచున్నచో ఇంజను నిర్దోషియని అనుమానింపవచ్చును. థర్మోస్టాటు చెంత వేరొక ఉష్ణమాపకమును పెట్టి సరిచూచుట నిశ్చయమైన పద్ధతి.

రెండవ ప్రశ్న: నీరు తగ్గుచున్నదా? తగ్గుచున్నచో ఎటు పోవుచున్నదో చూడవలెను. పంపు అడుగున ఒక చిన్న రంధ్రము కలదు. అందుండి చుక్కలు పడుచున్నచో పంపులోని అడ్డు అరిగినది. గొట్టముల కొసలందు తెల్లని లేక తుప్పురంగు చారలున్నచో అచట నీరు ఊరుచున్నది. ఐతే ఒక భ్రమ కలదు. వేడికి నీరు ఉబ్బును గనుక రేడియేటరులో పైన కొంత చోటు విడువవలెను. తెలియనివారు మెడవరకు నింపుదురు. అధికమైన నీటిని ఇంజను తానే వెలికి నెట్టివేయును. మరునాడు నీరు తగ్గెనని మరల నింపుదురు. ఇది రోగము కాదు, అతిభోజనము.

మూడవ ప్రశ్న అన్నిటికంటె ప్రధానము: ఎప్పుడు కాగుచున్నది? కారు నిలిచియున్నపుడా, వేగముగా పోవుచున్నపుడా, బయలుదేరిన కొద్ది నిమిషములకేనా, లేక ఉన్నట్టుండి యొకసారియా? ఈ ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పగల యజమాని సగము నిదానము తానే చేసినవాడగును.

నిలిచియున్నపుడు, లేక జనసమ్మర్దముగల వీధులలో మెల్లగా పోవునపుడు మాత్రమే కాగి, బయట రోడ్డెక్కగానే చల్లబడుచున్నచో, తప్పు సామాన్యముగా గాలిది. గంటకు ఏబది, అరువది కిలోమీటర్ల వేగము దాటిన తరువాత ఎదురుగాలియే రేడియేటరును చల్లబరచును; పంకాతో అంత పని లేదు. నిలిచినపుడు మాత్రము పంకాయే దిక్కు. కావున పంకా బెల్టు వదులైనదా, నూనె తగిలి జారుచున్నదా, ఎవరైన పంకాను తలక్రిందుగా బిగించిరా అని చూడవలెను. 1970వ దశకపు చివరి కార్లలో విద్యుత్తు పంకాలు కలవు. వానిని నడపు మీటను పరీక్షింపవలెను. రేడియేటరు రెక్కల నడుమ పురుగులు, దుమ్ము పేరుకొనినను, ముందు జల్లెడకు అడ్డముగా పెద్ద దీపములు, బిళ్లలు తగిలించినను గాలి లోనికి రాదు.

వేగముగా పోవునపుడు, లేక గట్టు ఎక్కునపుడు కాగుచున్నచో గాలికి లోపము లేదు. తప్పు నీటిదో నిప్పుదో అయియుండును. నీటిలో మొదటి అనుమానము పూడిక. చౌటినీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర గట్టుట ఇంట ఆడవారెరిగిన సంగతియే. రేడియేటరు సన్నని గొట్టములలోను అట్టి పొరయే గట్టును. దానికి ఇనుప త్రుప్పు తోడగును. ఇంజను కాగియున్నపుడు ఆపి, పంకా పూర్తిగా నిలిచిన పిదప, రేడియేటరు ముఖము వెంట ఉష్ణమాపకముతో పరీక్షించినచో పూడిన చోటులు చల్లగా తేలును. అట్టిదానిని విప్పి, నీరు సహజముగా పోవు దారికి ఎదురుగా, క్రిందినుండి పైకి ధారపోసి కడుగవలెను. అప్పటికిని తెరపి లేనిచో లోపలి గొట్టముల పేటికను మార్పింపవలెను.

పూడిక రేడియేటరుతో ఆగదు. కాలువ చివరి ఆయకట్టుకు నీరందకుండుట రైతులకు అనుభవైకవేద్యము. పంపు ఇంజను ముందు భాగముననున్నది. కావున వెనుకనున్న నాల్గవ సిలిండరు ఈ ఆయకట్టునకు చివరి మడి. ఒండ్రు, త్రుప్పు అచటనే అడుగుకు చేరును. బ్లాకు ప్రక్కన నీరు వదలుటకు ఒక చిన్న కొళాయి కలదు. ఇంజను చల్లారియున్నపుడు దానిని త్రిప్పగా నీరు రానిచో, లోపల ఒండ్రు గట్టిపడినదని నిశ్చయము. కొళాయిని ఊడదీసి, తీగతో పొడిచి, ఒత్తిడితో నీరు పట్టి, తేటనీరు వచ్చునంతవరకు కడుగవలెను. కొత్త రేడియేటరు తగిలించియు ఈ పని చేయనివారు, కొద్దినాళ్లకే దానిని సైతము ఈ ఒండ్రుతో నింపుకొందురు.

క్రింది రబ్బరు గొట్టము మరియొక రహస్య శత్రువు. పంపు నీటిని పీల్చుకొనునపుడు, వయసు మీరి మెత్తబడిన గొట్టము లోనికి కూలి దారి మూసికొనును. ఇంజను ఆపగానే మరల ఉబ్బి అమాయకముగా కనబడును. కావున ఇంజను వేగమును పెంచుచు చూచినగాని ఇది పట్టుబడదు. అట్లు చూచునపుడు చేతులును, ఉత్తరీయపు కొసలును పంకాకు దూరముగా నుంచుకొనవలెను.

బయలుదేరిన కొద్ది నిమిషములకే కాగుచు, పై గొట్టము కాలుచుండగా రేడియేటరు క్రిందిభాగము చల్లగానే యున్నచో, నీరు తిరుగుట లేదన్నమాట. పై గొట్టము సైతము చాలసేపు చల్లగానే యున్నచో థర్మోస్టాటు మూసికొనిపోయినదని అనుమానింపవలెను. దాని పరీక్ష ఇంటిలోనే చేయవచ్చును. ఆ చిన్న ద్వారము నడుమ నొక మైనపు గుళిక యుండును. మైనము కరగి ఉబ్బినపుడు తలుపు తెరచుకొనును. థర్మోస్టాటును దారముతో కట్టి, అడుగునకు తగులకుండ నీటిగిన్నెలో వ్రేలాడదీసి, ప్రక్కన ఉష్ణమాపకము నుంచి, పొయ్యిమీద మెల్లగా కాచవలెను. దానిపై ముద్రించిన డిగ్రీల వద్ద తెరచుకొన మొదలిడి, మరి పదిపండ్రెండు డిగ్రీలకు పూర్తిగా తెరచుకొన్నచో అది నిర్దోషి. కదలనిచో మార్చవలెను.

థర్మోస్టాటును తీసి పారవేసినచో పీడ వదలునని చెప్పు మేస్త్రులు కలరు. ఇది తప్పు సలహా. తలుపు లేనిచో ఇంజను తగిన వేడికి రాక, పెట్రోలు సరిగా మండక, సిలిండర్లు త్వరగా అరిగిపోవును. కొన్ని ఇంజన్లలో ఇంకను విపరీతము జరుగును. జాగ్వార్ కంపెనీవారి పేరెన్నికగన్న ఆరు సిలిండర్ల ఇంజనులో థర్మోస్టాటు తెరచుకొనునపుడే ప్రక్కదారి నొకదానిని మూసివేయును. దానిని తీసివేసినచో నీటిలో కొంత రేడియేటరు ముఖమే చూడక ప్రక్కదారినే తిరిగిపోవును. వేడి తగ్గుటకు మారు పెరుగును.

ఇప్పుడు నిప్పు సంగతి. సిలిండరులో నిప్పురవ్వ పిస్టను పైకొసకు చేరుటకు కొంచెము ముందుగా పుట్టవలెను. ఆలస్యముగా పుట్టినచో, పొగద్వారము తెరచుకొనునప్పటికిని మంట మండుచునే యుండి హెడ్డును కాల్చును. ఇంజను బలహీనముగా లాగుచు, పొగగొట్టము మొదలు ఎర్రబారునంతగా కాలుచున్నచో ఈ దోషమును వెదకవలెను. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన పలుచని మిశ్రమము సైతము వేడిని పెంచును. స్పార్కు ప్లగ్గు విప్పి చూడగా కొన లేత గోధుమరంగున నున్నచో మేలు. సున్నమువలె తెల్లబడినచో మిశ్రమము పలుచబడినదనుటకు గుర్తు. నేటి పెట్రోలులో కలుపు ఇథనాలు అను మద్యసారము ఈ దోషమును కొంత పెంచును. ఇంగ్లండులో 2021 నుండి సాధారణపు పెట్రోలులో పదివంతుల కొకవంతు వరకు దీనిని కలుపుచున్నారు. పాత కార్బ్యురేటరు ఈ మార్పును తానై ఎరుగదు. దాని సూదిని మనుష్యుడు సరిచేయవలెను.

ఇచటనే మరియొక భ్రమను తొలగింపవలెను. ఎండవేళ ఆపిన కారు పావుగంటకు మరల కదలక మొరాయించినచో ఇంజను కాగినదందురు. నీరు మామూలుగనే యున్నచో అది వేరొక జబ్బు: కార్బ్యురేటరులోని పెట్రోలు ఇంజను వేడికి తానే మరగి ఆవిరియగుట. దీనికి రేడియేటరు మార్చిన ప్రయోజనము లేదు.

ఉన్నట్టుండి యొకసారి ముల్లు ఎగసినచో, అదే సమయమున డైనమో ఎర్రదీపము వెలిగినదా అని చూడవలెను. ఈ ఇంజనులో డైనమోను, పంపును, పంకాను ఒకే బెల్టు త్రిప్పును. దీపము వెలిగి వేడి యెక్కినదనగా బెల్టు తెగినది. మరి యొక్క కిలోమీటరైన పోరాదు.

కడపటిది, అన్నిటికంటె కఠినమైనది గాస్కెట్టు. బ్లాకునకు హెడ్డునకు నడుమనుండు ఈ పలుచని పొర కాలినచో మంట నీటిలోనికి చొరబడును. చల్లని ఇంజను మూత తీసి, ఆ పిదప నడపి చూడగా రేడియేటరులో బుడగలు ఎడతెగక లేచుట, పొగగొట్టమున తెల్లని ఆవిరి వదలకుండుట, నూనెలో మజ్జిగవంటి నురుగు చేరుట దీని చిహ్నములు. చలికాలమున కొద్ది దూరములే తిరుగు కారులో నూనెమూత క్రింద కొంచెము నురుగు కనబడుట మాత్రము సహజమే. దానినిబట్టి మాత్రమే తీర్పు చెప్పరాదు. రేడియేటరు పైనుండి వచ్చు వాయువును ఒక నీలిద్రవము గుండా పోనిచ్చు పరీక్ష కలదు. పొగ కలిసియున్నచో ద్రవము పసుపుపచ్చగా మారును.

గాస్కెట్టు మార్చదగినదే. కాగిన ఇంజనును ఇల్లు చేరవలెనను పట్టుదలతో ఇంకను నడిపినపుడు మాత్రము హెడ్డు వంగిపోవును, లేక కవాటముల పీఠముల నడుమ బీటలు వారును. కాలుచున్న ఇనుముపై చన్నీరు పోసినను అదే ఫలము. పది నిమిషముల తొందర అరువదియేండ్లు నడచిన యంత్రమును మూలబెట్టును. కావున త్రోవలో ముల్లు ఎక్కినపుడు వేగము తగ్గించి, చలిదేశపు కార్లలో లోపలివారి వెచ్చదనమునకై యుండు హీటరును పూర్తిగా తెరువవలెను. అదియు ఒక చిన్న రేడియేటరే. కొంత వేడిని లాగును. అప్పటికిని దిగనిచో నీడపట్టున ఆపి, బానెట్టు ఎత్తి, ఓర్పుతో కూర్చుండవలెను.

సంగ్రహముగా క్రమము చెప్పెదను. ముందు ముల్లు నిజము చెప్పుచున్నదా చూడుడు. పిదప నీటిమట్టము, మూత, బెల్టు, గొట్టములు చూడుడు. తరువాత ఎప్పుడు కాగుచున్నదో గమనించి, నిలిచినపుడైన గాలిని, పరుగులోనైన నీటిని నిప్పును, బయలుదేరగనే యైన థర్మోస్టాటును పరీక్షింపుడు. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, దాని ఫలము చూచి, కాగితముపై వ్రాసికొని, అటుపిమ్మట రెండవదానికి పోవలెను. నాలుగు మార్పులు ఒకేసారి చేసినవానికి, గుణమిచ్చిన మందేదో ఎన్నటికిని తెలియదు. ఖర్చు లేని పరీక్షలు ముందును, ఖర్చు గలవి వెనుకను రావలెను. మీ ఊరి ట్రాక్టరునకును, బావిపై నీటితో చల్లబడు ఇంజనునకును ఈ క్రమమే చాలవరకు చెల్లును. రోగము పోయిన పిదప, త్రుప్పును ఆపు ద్రవము కలిపిన మంచినీరు పోసి, రెండు మూడేండ్లకొకసారి మార్చుచుండుట పథ్యము. అట్లు చేసినవారి కారులో ముల్లు తన చోటు విడిచి కదలదు.